పురుగు నమూనాల భద్రత: యాన్ స్వామర్‌డామ్ జీవితం నేర్పే పాఠం

పొలంలో కొత్త పురుగు కనిపిస్తే కవర్లో వేసి శాస్త్రవేత్తలకు చూపిస్తుంటాం. రెండు రోజుల్లో అది నల్లబడి కుళ్లిపోతే ఏ పురుగో చెప్పడం కష్టం. 350 ఏళ్ల క్రితమే ఈ ఇబ్బందికి పరిష్కారాలు వెతికినవారు హాలెండ్ శాస్త్రవేత్త యాన్ స్వామర్‌డామ్.

బాల్యం, చదువు

ఆయన 1637లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టారు. తండ్రి మందుల వ్యాపారి. దేశదేశాల వింత వస్తువులు సేకరించేవారు. యాన్‌కు పురుగులంటే ఇష్టం. 1667లో లైడెన్‌లో వైద్య పట్టా పొందినా పురుగుల పరిశోధనలోనే గడిపారు. అది నచ్చని తండ్రితో డబ్బు విషయంలో గొడవలు తప్పలేదు.

ఆయన పద్ధతి

పురుగులను ఆల్కహాల్‌లోనో టర్పెంటైన్‌లోనో ముంచేవారు. దాంతో లోపలి భాగాలు కుళ్లేవి కావు. తర్వాత భూతద్దం కింద సన్నని కత్తెరలతో కోసి చూసేవారు. తేనెపట్టుకు రాజు అని చాలామంది నమ్మిన ఈగలో అండాశయాలు చూపారు. అంటే అది రాణి ఈగ. గొంగళి పురుగు చర్మం కింద సీతాకోకచిలుక రెక్కలు ముందే ఏర్పడుతున్నాయనీ చూపారు.

చివరి రోజులు

టస్కనీ యువరాజు 12,000 గిల్డర్లు ఇస్తానన్నా తన నమూనాలను అమ్మలేదు. తర్వాత డబ్బుకు ఇబ్బందై అమ్మబోతే కొనేవారు దొరకలేదు. 1680లో 43 ఏళ్లకే మరణించారు. నమూనాలు చెల్లాచెదురయ్యాయి. రాతలు, బొమ్మలు మాత్రం మిగిలాయి. వాటిని వైద్యుడు బోర్‌హావే 1737-38లో అచ్చువేయించారు. నమూనాతో పాటు వివరాలు రాసి ఉంచడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రైతులు పాటించవలసినవి

• శరీర భాగాల పరిశీలనకైతే లద్దె పురుగులను ఒక నిమిషం బాగా వేడి నీటిలో ముంచి, తర్వాత 70-80 శాతం ఆల్కహాల్‌లో ఉంచాలి. ఇలా చేస్తే నల్లబడవు.
• జన్యు (డీఎన్‌ఏ) పరీక్షకైతే నేరుగా 95 శాతం ఆల్కహాల్‌లో వేసి చల్లగా ఉంచాలి. ఫార్మలిన్ వాడకూడదు, డీఎన్‌ఏ దెబ్బతింటుంది.
• పంట, ఊరు, తేదీ, సేకరించినవారి పేరు పెన్సిల్‌తో చీటీపై రాసి సీసా లోపలే వేయాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.
• ఆల్కహాల్‌ను నిప్పుకు, పిల్లలకు దూరంగా ఉంచాలి.

ఆల్కహాల్ దొరకకపోతే పురుగును బతికుండగానే, అది తినే ఆకులతో సహా, గాలి ఆడే డబ్బాలో పెట్టి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి అదే రోజు చేర్చండి.