ముదిమిలో దొరకిన గురువు: శ్రీ మధురకవి ఆళ్వారుల చరిత్రము

వయసు మీఱిన పిమ్మట భగవద్విషయము నభ్యసింప నారంభించుట సాధ్యమా? సాధ్యమైనను దానివలన ఫలము కలదా? ఈ సందేహము పలువురు గృహస్థుల మనస్సులలో నుండును. ఉద్యోగము ముగిసినది, పిల్లల పెండ్లిండ్లయినవి, చేతికి తీరిక చిక్కినది. కాని ఆ తీరికతోబాటే ఒక దిగులును వచ్చి కూర్చుండును. ఇంతకాలము సంసారమునకే ధారపోసితిమి, ఇప్పుడు జపమో పారాయణమో మొదలిడినచో నాలుక తిరుగదు, జ్ఞాపకము నిలువదు, శరీరము సహకరింపదు అని నిట్టూర్చి ఊరకుండువారే యెక్కువ. అట్టివారికి శాస్త్రవాక్యములు చెప్పుటకంటె ఒక మహనీయుని జీవితమును చెప్పుట మేలు. ఆ మహనీయుడు పన్నిద్దరాళ్వారులలో నొకరైన శ్రీ మధురకవి ఆళ్వారులు.

పాండ్యదేశమున తామ్రపర్ణీనదీ ప్రాంతమందు తిరుక్కోళూరను దివ్యదేశము కలదు. అచట వేంచేసియున్న పెరుమాళ్లకు వైత్తమానిధి యని తిరునామము. నవతిరుపతులలో నిది యొకటి. ఈ క్షేత్రమున చైత్రమాసమందు చిత్తా నక్షత్రమున, సామవేదాధ్యాయులగు బ్రాహ్మణుల వంశమందు మధురకవులు అవతరించిరి. సంప్రదాయము వీరి కాలమును ద్వాపరాంతముగా చెప్పుచున్నది. చరిత్ర పరిశోధకులలో పెక్కురు నమ్మాళ్వారులను, వారితోపాటు మధురకవులను క్రీస్తుశకము 8, 9 శతాబ్దముల ప్రాంతమువారుగా భావింతురు. కాలమేదైనను మనకు కావలసిన విషయమొక్కటే. మధురకవులు ఆచార్యుని కనుగొనునాటికి వారు బాలురు కారు, యువకులును కారు. వేదశాస్త్రములు చదివి, మధురముగా కవిత్వము చెప్పగలవారని పేరుగాంచి, వయసు మీఱి, తీర్థయాత్రలు చేయుచున్న పెద్దలు.

లోకదృష్టిలో వారికి కొఱత యేమియు లేదు. సత్కులమున పుట్టిరి, చదువుకొనిరి, పదుగురిచే గౌరవింపబడిరి. వయసు వచ్చిన పిమ్మట ఉత్తరదేశ యాత్రకు బయలుదేరి అయోధ్య మొదలగు ముక్తిక్షేత్రములను సేవించుచుండిరి. ఇంతటితో జీవితము ధన్యమైనదని తలచి అచటనే శేషకాలము గడపినను వారి నెవ్వరును తప్పుపట్టియుండరు. కాని వారి హృదయమున నేదో వెలితి యుండెను. చదివినదంతయు నాలుకపై నున్నది కాని లోపలికి దిగలేదను తపన యది.

ఒకనాటి రాత్రి వారు దక్షిణదిక్కున నొక గొప్ప వెలుగును చూచిరి. ఏదో ఊరు తగులబడుచున్నదేమో, అడవి కార్చిచ్చు పుట్టినదేమో యని మొదట తలచిరి. మఱునాడును అదే వెలుగు, ఆ మఱునాడును అదే. అది సామాన్యమైన అగ్ని కాదని గ్రహించి ఆ దిక్కునే పట్టుకొని నడువసాగిరి. అయోధ్యనుండి పాండ్యదేశమునకు ఎంత దూరమో పాఠకులు తలచుకొందురు గాక! రైళ్లు లేవు, బస్సులు లేవు. నదులు దాటవలెను, అడవులు దాటవలెను. వృద్ధశరీరముతో నింత దూరము, ఎచటికో తెలియక, ఒక వెలుగును మాత్రమే నమ్మి నడచిరి. శ్రీరంగము చేరినను ఆ వెలుగు ఇంకను దక్షిణముననే కానవచ్చెను. తుదకు తిరుక్కురుగూరు చేరగా అచట ఆదినాథుని సన్నిధి ప్రాంతమున అది యంతర్ధానమయ్యెను.

ఇచట మనము గమనింపదగినది యొకటి కలదు. తిరుక్కురుగూరు, అనగా నేటి ఆళ్వార్ తిరునగరి, తిరుక్కోళూరునకు పొరుగూరు. ఏ గురువుకొఱకు ఆ పెద్దలు ఉత్తరదేశమంతయు తిరిగి వచ్చిరో ఆ గురువు తమ జన్మస్థలమునకు కొలది దూరముననే యుండెను. ఐనను ఆ యాత్ర వ్యర్థమని తలపరాదు. అంత దూరము తిరిగినందుననే చూచు కన్ను సిద్ధమైనది.

అచటి జనులను విచారింపగా వారొక వింత చెప్పిరి. కారి, ఉడయనంగ యను దంపతులకు కలిగిన కుమారుడు పుట్టినది మొదలు ఏడువలేదు, పాలు త్రాగలేదు, ఐనను శరీరము వాడలేదు. తల్లిదండ్రులు ఆ శిశువును ఆదినాథుని సన్నిధికి తెచ్చి విడువగా ఆతడచటి చింతచెట్టు తొఱ్ఱలో పద్మాసనమున కూర్చుండి 16 సంవత్సరములుగా కన్ను తెఱువక, మాటాడక యున్నాడు. ఆయనయే శఠకోపులు, మన నమ్మాళ్వారులు. లోకములోని జీవులను పుట్టుకతోడనే ఆవరించు శఠమను వాయువును జయించినందున ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు.

మధురకవులు ఆ యువకుని యెదుట నిలిచిరి. కదలిక లేదు. ఒక రాయి తీసి సమీపమున పడవేయగా ఆ చప్పుడునకు కన్నులు తెఱచిరి. అప్పుడు మధురకవులు ఒక గూఢమైన ప్రశ్న వేసిరి. చచ్చినదాని కడుపున చిన్నదియొకటి పుట్టినచో అది దేనిని తిని యెచట నుండునని యడిగిరి. ఆ యువకుడు తొలిసారిగా నోరు విప్పి, అది దానినే తిని అచటనే యుండునని బదులు చెప్పెను.

పెద్దలు దీనికి చెప్పు తాత్పర్యమిది. చచ్చినదన జడమగు ప్రకృతి, దాని పరిణామమైన శరీరము. చిన్నదన అణుస్వరూపుడగు జీవుడు. ఆ జీవుడు శరీరములో చేరి శరీరసంబంధమగు సుఖదుఃఖములనే భుజించుచు, దానినే తానని తలచి అందే పడియుండును. ఇది వేదాంతములో క్రొత్త విషయము కాదు. మధురకవులు ఎన్నో సార్లు చదివిన విషయమే, ఇతరులకు బోధింపగల విషయమే. ఐనను ఆనాడు ఆ చిన్న సమాధానము వారికి తగిలినది. తమ పాండిత్యము, తమ కీర్తి, తమ వయసువలన వచ్చిన గౌరవము, ఇవన్నియు ఆ జడమునకు చెందిన ఆహారమే కదా, ఇంతకాలము తాము తినినది అదియే కదా యని వారు తెలిసికొనియుందురని నాకు తోచుచున్నది. చదివినది తెలియుట వేఱు, తెలిసినది తగులుట వేఱు.

వెంటనే వారు ఆ యువకుని పాదములపై వ్రాలిరి. తలచిచూచిన ఇది సామాన్యకార్యము కాదు. శిష్యుడు వయోవృద్ధుడు, గురువు 16 ఏండ్లవాడు. శిష్యుడు వేదాధ్యయనపరుడగు బ్రాహ్మణుడు, గురువు నాలుగవ వర్ణమున అవతరించినవారు. శిష్యుడు సకలశాస్త్రములు చదివినవాడు, గురువు ఏ పాఠశాలకును పోనివాడు. వయసు, కులము, విద్య యను మూడు మెట్లను దిగినగాని ఆ చింతచెట్టు నీడకు చేరుట సాధ్యము కాదు. మధురకవులు ఒక్క క్షణమున మూడును దిగిరి. తమ ప్రబంధమందు, వేదవేత్తలగు పెద్దలు తమ్ము అల్పునిగా నెంచినను శఠకోపులు తల్లియు తండ్రియునై తమ్మేలిరని చెప్పుకొనిరి. పూర్వము పరుల సొత్తును, స్త్రీలను ఆశించి కాలము గడపితిననియు దాచక ఒప్పుకొనిరి. వయసు మీఱినవారికి గతకాలమును దాచుకొనుట అలవాటు. వారు దాచలేదు. అందుచేతనే తేలికపడిరి.

తరువాతి వారి జీవితమంతయు కైంకర్యమే. నమ్మాళ్వారులు యోగదశలో భగవంతుని యనుభవించి పాడిన పాశురములను మధురకవులు స్వీకరించి లోకమునకు నిలిపిరి. 100 పాశురముల తిరువిరుత్తము, 7 పాశురముల తిరువాశిరియము, 87 పాశురముల పెరియ తిరువందాది, 1102 పాశురముల తిరువాయ్మొళి, ఈ నాలుగును నాలుగు వేదముల సారమని మన పెద్దలు కీర్తింతురు. తిరువాయ్మొళిలో రెండు దశకములు మన తిరువేంగడముడైయానికే సమర్పితములు. అందొక దశకమున ఆళ్వారులు శ్రీనివాసుని పాదములను శరణు చొచ్చిరి.

నమ్మాళ్వారులు చిన్నవయసుననే పరమపదించిరి. వృద్ధశిష్యుడు మిగిలెను. ఇది ఎంతటి దుఃఖమో చెప్పనలవి కాదు. ఐనను మధురకవులు దుఃఖించుచు కూర్చుండలేదు. ఆచార్యుని అర్చావిగ్రహమును తిరుక్కురుగూరున ప్రతిష్ఠించి, నిత్యోత్సవ మాసోత్సవములు జరపించి, బిరుదావళితో వీధులలో నూరేగించిరి. మదురలోని సంఘపండితులు ఆ బిరుదులకు అభ్యంతరము చెప్పిరట. అప్పుడు ఆళ్వారుల పాశురభాగము నొకదానిని సంఘపలకపై నుంచగా ఆ పలక పండితులను నీటిలోనికి త్రోసి పాశురమును మాత్రమే నిలుపుకొన్నదని, పండితులు తమ గర్వమును విడిచి ఆళ్వారులను స్తుతించిరని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి.

మధురకవులు రచించినది ఒకే యొక ప్రబంధము. అది కణ్ణినుణ్ శిఱుత్తాంబు. పాశురములు 11 మాత్రమే. కవియని పేరొందినవారు, అంత చదివినవారు, జీవితమున తుదకు మిగిల్చినది పదునొకండు పాశురములు! వానిలో ప్రధానముగా స్తుతింపబడినది పెరుమాళ్లు కారు, తమ ఆచార్యులే. యశోద చిన్నత్రాట కట్టిన కృష్ణుని మొదట స్మరించి, అంతకంటె కురుగూరు స్వామి నామము నాలుకకు తీయగా నున్నదని మఱలిరి. భగవంతుని సేవించుట మొదటిమెట్టు, భాగవతుని సేవించుట చివరిమెట్టు. దీనినే చరమపర్వనిష్ఠ యందురు. శ్రీరాముని సేవించిన భరతుని శత్రుఘ్నుడు సేవించినట్లని పెద్దలు ఉపమింతురు. తిరుక్కోళూరున నొక స్త్రీ శ్రీరామానుజులకు విన్నవించిన 81 రహస్యవాక్యములలో మధురకవుల ఈ అనన్యనిష్ఠయు ఒకటిగా చేరినది.

ఆ పదునొకండు పాశురములు చేసిన ఉపకారము వినుడు. కాలక్రమమున దివ్యప్రబంధము లోకమున మఱుగుపడెను. వీరనారాయణపురమున శ్రీమన్నాథమునులు యాత్రికులు పాడిన ఒక దశకమును విని మిగిలినదానికై వెదకుచు కురుగూరు చేరిరి. అచట మధురకవుల శిష్యపరంపరకు చెందిన పరాంకుశదాసులు వారికి కణ్ణినుణ్ శిఱుత్తాంబును ఉపదేశించిరి. నాథమునులు చింతచెట్టు చెంత దానిని 12,000 పర్యాయములు జపింపగా నమ్మాళ్వారులు సాక్షాత్కరించి నాలాయిర దివ్యప్రబంధమును అనుగ్రహించిరి. ఒక వృద్ధుడు ముదిమిలో ఆరంభించిన సాధనయే తరువాతి తరములకు మూసిన తలుపు తెఱచు తాళపుచెవి యైనది. తిరుమలలో 25 దినములు జరుగు అధ్యయనోత్సవమందు నేటికిని 22వ దినము కణ్ణినుణ్ శిఱుత్తాంబునకే ప్రత్యేకింపబడియున్నది.

ఈ చరిత్రమును నేను బాల్యమున పాఠశాలలో వినియుంటిని. సంస్కృతము చదివితిని, సంస్కృతమే బోధించితిని, స్తోత్రములెన్నియో కంఠస్థము. ద్రావిడప్రబంధమును మాత్రము దూరమునుండి నమస్కరించి విడిచితిని. ఉద్యోగవిరమణానంతరము ఒక ధనుర్మాసమున మా యూరి కోవెలలో నొక యువ అధ్యాపకుడు సేవించుచుండగా విని, నేర్వవలెనను కోరిక పుట్టెను. ఆ పిల్లవాడు నా మనుమని యీడువాడు. అడుగుటకు మూడు దినములు నోరు రాలేదు. నా శిష్యులు చూచిన ఏమందురో యని బిడియపడితిని. నాలుగవనాడు మధురకవులు జ్ఞప్తికి వచ్చిరి. అయోధ్యనుండి నడచివచ్చిన వారి పాదములెచట, ప్రాకారము దాటి మండపము చేరలేని నా కాళ్లెచట యని సిగ్గుపడి వెళ్లి యడిగితిని.

బాల్యమున ఒక ఉదయములో వచ్చు పాఠము ఇప్పుడు వారమునకు గాని రాలేదు. ఉచ్చారణ తప్పినప్పుడు ఆ బాలుడు మొగమాటముతో దిద్దెడివాడు. మొదట నొచ్చుకొంటిని, పిదప ఆ దిద్దుబాటుకొఱకే ఎదురుచూచితిని. పదునొకండు పాశురములు నేర్చుటకు నాలుగు నెలలు పట్టినది. నేటికిని అప్పుడప్పుడు మఱచుచుందును. ఐనను ఒక మాట నిజముగా చెప్పగలను. జీవితమంతయు నేను వల్లించిన స్తోత్రముల అర్థము, ఒకరి యెదుట మరల చాపపై విద్యార్థినై కూర్చున్న పిదపనే నాకు కొంత తెలియవచ్చినది.

కావున వయసు మీఱినదని వెనుదీయవలదు. తెలుగు లిపిలో దివ్యప్రబంధ గ్రంథములు లభించుచున్నవి. దినమునకొక పాశురముకంటె ఎక్కువ వద్దు. పుస్తకమును మాత్రమే నమ్మక, తెలిసినవారిని, వారు ఎంత చిన్నవారైనను, ఆశ్రయించి నేర్వవలెను. మఱచినచో మరల మొదలిడవలెను. సన్నిధిలో అర్చకస్వాములు మన శిరస్సుపై శఠారి నుంచునప్పుడు అది శఠకోపుల నామమే యని, స్వామి పాదములే ఆ రూపమున మనపై నిలిచినవని స్మరించుడు. ఆ సమయమున తల వంచుట అందఱికిని వచ్చును. మధురకవులు ఆ వంచిన తలను మరల నెత్తలేదు. వారి మహిమ అదియే.

చింతచెట్టు నీడకు మధురకవులను నడిపించిన ఆ వెలుగు మన గృహములలోని వృద్ధులకును దారి చూపుగాక యని శ్రీ పద్మావతీసమేతుడగు శ్రీనివాసుని పాదములకు సవినయముగా విన్నవించుచున్నాను.