ధనదాహాన్ని చిత్రించిన విలియం పవెల్ ఫ్రిత్

1578లో నిర్మితమైన పురానాపూల్ వంతెన దాటే ప్రతిసారీ మనకు ఎన్నెన్నో ముఖాలు తారసపడతాయి. బేరమాడేవారు, బరువు మోసేవారు, లాభనష్టాలు లెక్కించుకొనేవారు. ఇటువంటి జనసమూహాన్ని ఒకే పటంలో సజీవంగా నిలిపిన ఆంగ్ల చిత్రకారుడు విలియం పవెల్ ఫ్రిత్. ఆయన జీవితాన్ని సోదర విద్యార్థులకు పరిచయం చేయడం మా ఉద్దేశం.

ఫ్రిత్ 1819లో యార్క్‌షైర్‌లోని ఆల్డ్‌ఫీల్డ్ గ్రామంలో జన్మించాడు. తండ్రి హోటలు యజమాని. కుమారునికి వేలంపాటలు నిర్వహించే వృత్తిపై మక్కువ. చిత్రకారుడు కావాలన్నది తండ్రి పట్టుదల. తండ్రి మాటే నెగ్గింది. ఫ్రిత్ 1835లో లండన్ చేరి చిత్రకళ అభ్యసించాడు. 1854లో ప్రదర్శించిన సముద్రతీర చిత్రం విక్టోరియా రాణి సొంతమైంది. 1858లో గుర్రప్పందాల చిత్రాన్ని చూడవచ్చిన జనాన్ని ఆపడానికి ఇనుప కటకటాలు కట్టవలసి వచ్చింది. 1862లో రైల్వేస్టేషను చిత్రాన్ని 21,000 మందికి పైగా రుసుము చెల్లించి తిలకించారు.

కీర్తి, ధనం రెండూ చూచిన ఆ చిత్రకారుని దృష్టి క్రమంగా ధనదాహం తెచ్చే అనర్థాలపైకి మళ్లింది. 1878లో గ్లాస్గో నగరపు బ్యాంకు ఒకటి కూలి వాటాదారులలో అత్యధికులు సర్వస్వం కోల్పోయారు. ఆ ఏడే జూదవ్యసనంపై అయిదు చిత్రాలు ప్రదర్శించిన ఫ్రిత్, 1880లో సంపదకై పరుగును గూర్చి మరో అయిదు చిత్రాలు ప్రజల ముందుంచాడు.

మొదటి చిత్రంలో ఒక వ్యాపారి తన కార్యాలయంలో సాలెపురుగువలె కూర్చుండగా, అమాయకులు ఈగలవలె చేరుతారు. రెండవదానిలో అతని గృహవైభవం. మూడవదానిలో తాము దాచుకున్న సొమ్ము పోయిందన్న వార్త చదివి కుమిలే ఒక మతాచార్యుని కుటుంబం. నాల్గవదానిలో న్యాయస్థానం, ఆ మతాచార్యుడే సాక్షి. అయిదవదానిలో మిల్‌బ్యాంక్ కారాగారపు ఆవరణలో వలయాకారంగా నడిచే ఖైదీల నడుమ ఆ వ్యాపారి. ఈ దృశ్యం కోసం ఫ్రిత్ స్వయంగా ఆ కారాగారాన్ని దర్శించాడు. తన చిత్రరచనా విశేషాలను 1887లో వెలువడిన స్వీయచరిత్రలో వివరించాడు. 1909లో లండన్‌లో కన్నుమూశాడు. ఆ అయిదు చిత్రాలు తరువాత మన దేశానికే వచ్చి బరోడా మ్యూజియం చిత్రశాలలో చేరడం విశేషం.

మమ్మల్ని ఆలోచింపజేసిన విషయం ఒకటున్నది. దోషికి శిక్ష పడింది. కాని పోయిన సొమ్ము ఆ కుటుంబానికి తిరిగివచ్చిన దృశ్యం ఆ అయిదింటిలో ఎక్కడా లేదు. సాలెపురుగు ఒక్కటే గూడు అల్లినా, ఈగను అక్కడికి నడిపించేది దాని ఆశే. తల్లిదండ్రులు రూపాయి రూపాయి కూడబెట్టి మనలను చదివిస్తున్నారు. రేపు అధిక వడ్డీ ఆశచూపే కాగితంపై వారు వేలిముద్ర వేయబోయే వేళ, దానిని చదివి వినిపించవలసినది మనమే. మన చదువుకు అంతకు మించిన సార్థకత ఏమున్నది?