అమరవీరుడు మంగళ్ పాండే - ఎన్‌ఫీల్డ్ తూటాను ధిక్కరించిన సిపాయి

(ఏప్రిల్ 8 మంగళ్ పాండే వర్ధంతి)

భారత స్వాతంత్ర్య సమర చరిత్రలో 1857వ సంవత్సరానికి విశిష్ట స్థానం ఉంది. ఆ ఏడాది మార్చి 29న కలకత్తా సమీపంలోని బారక్‌పూర్ సైనిక స్థావరంలో ఒక సాధారణ సిపాయి ఒంటరిగా తుపాకీ ఎత్తి ఈస్టిండియా కంపెనీ అధికారాన్ని సవాలు చేశారు. ఆయనే మంగళ్ పాండే. సైన్యంలో కొత్త రైఫిల్‌ను, దానికి అవసరమైన కొత్త తూటాను ప్రవేశపెట్టాలని కంపెనీ పాలకులు తీసుకున్న నిర్ణయం ఈ ధిక్కారానికి తక్షణ కారణమైంది. ఆయుధం మేలైనదే అయినా, దానిని చేతబట్టవలసిన సైనికుని విశ్వాసాన్ని చూరగొనలేకపోతే పర్యవసానం ఎలా ఉంటుందో ఆయన జీవితం తెలియజేస్తుంది.

సిపాయిగా జీవితం

ప్రస్తుత ఉత్తరప్రదేశ్ రాష్ట్రం బలియా జిల్లాలోని నగ్వా గ్రామాన్ని మంగళ్ పాండే జన్మస్థలంగా భావిస్తారు. బ్రాహ్మణ కుటుంబానికి చెందిన ఆయన 1849లో కంపెనీ బెంగాల్ సైన్యంలో చేరారు. 34వ బెంగాల్ నేటివ్ పదాతి దళంలో 5వ కంపెనీ సిపాయిగా పనిచేశారు. ఆనాటి బెంగాల్ సైన్యంలో అవధ్, భోజ్‌పురి ప్రాంతాల రైతు కుటుంబాల నుంచి వచ్చిన అగ్రవర్ణాల వారు అధిక సంఖ్యలో ఉండేవారు. కులాచారం, భోజన నియమాలు వారి దృష్టిలో కేవలం వ్యక్తిగత విషయాలు కావు. ఆచారం తప్పిన సిపాయికి స్వగ్రామంలో పంక్తి భోజనం, పెళ్ళి సంబంధాలు దూరమయ్యేవి.

మంగళ్ పాండే సైన్యంలో చేరిన తరువాతి సంవత్సరాలలో సిపాయిల అసంతృప్తి క్రమంగా పెరిగింది. 1856లో కంపెనీ అవధ్ రాజ్యాన్ని స్వాధీనం చేసుకుంది. అదే ఏడాది తీసుకువచ్చిన సైనిక నియామక చట్టం, కొత్తగా చేరే ప్రతి సిపాయీ అవసరమైతే సముద్రం దాటి పనిచేయాలని నిర్దేశించింది. సముద్రయానం కులభ్రష్టత్వానికి దారితీస్తుందని నమ్మే కుటుంబాలకు ఇది కలవరం కలిగించింది. ఇటువంటి వాతావరణంలో కొత్త తూటా రంగప్రవేశం చేసింది.

కొత్త రైఫిల్ - కొత్త తూటా

అంతవరకు సిపాయిల చేతిలో ఉన్నది నునుపు గొట్టం గల పాత మస్కెట్. దాని గొట్టం వ్యాసం సుమారు 0.75 అంగుళాలు. 100 గజాలు దాటితే గురి నిలిచేది కాదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం వ్యాసం 0.577 అంగుళాలు. గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉండటం వల్ల గుండు గిర్రున తిరుగుతూ వెలువడి వందల గజాల దూరంలోని లక్ష్యాన్ని ఛేదించేది. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఈ రైఫిల్‌ను వినియోగించింది.

అయితే ఈ రైఫిల్‌ను కూడా గొట్టం మూతి నుంచే నింపవలసి ఉండేది. మందు, గుండు కలిపి కాగితంలో చుట్టిన పొట్లమే తూటా. సిపాయి ఆ కాగితం కొసను పళ్ళతో కొరికి చించి, మందును గొట్టంలో పోసి, గుండును ఇనుప కడ్డీతో లోపలికి దిగగొట్టాలి. గుండు సులువుగా దిగడానికి తూటా కాగితానికి కొవ్వు, తేనెమైనం కలిపిన పూత పూసేవారు. ఆ కొవ్వు ఆవుదైతే హిందువులకు, పందిదైతే ముస్లిములకు నిషిద్ధం. సైనిక కవాతు నియమావళి మాత్రం తూటాను నోటితో కొరకాలనే చెబుతోంది.

పట్టించుకోని హెచ్చరిక

ఈ ప్రమాదాన్ని ముందుగానే గుర్తించిన అధికారి లేకపోలేదు. 1853లో ఇక్కడి వాతావరణానికి పూత తట్టుకుంటుందో లేదో పరీక్షించడానికి కొన్ని తూటాలను ఇంగ్లండు నుంచి భారతదేశానికి పంపారు. బెంగాల్ సైన్యం అడ్జుటెంట్ జనరల్‌గా ఉన్న కర్నల్ హెన్రీ టక్కర్ అప్పుడే, పూతలో సిపాయిల ఆచారానికి విరుద్ధమైన పదార్థం లేదని తేలేవరకు వాటిని దేశీయ పటాలాలకు ఇవ్వరాదని లిఖితపూర్వకంగా హెచ్చరించారు. ఆ హెచ్చరికపై తగిన చర్య జరగలేదు. 1856లో రైఫిళ్ళు వచ్చి తూటాల తయారీ ఇక్కడే మొదలైనప్పుడు, ఏ జంతువు కొవ్వు వాడాలన్నది సరఫరాదారుకు స్పష్టంగా నిర్దేశించలేదు. ఫలితంగా సిపాయిలు సందేహం వెలిబుచ్చినప్పుడు అధికారులు నిశ్చయంగా సమాధానం చెప్పలేని స్థితి ఏర్పడింది.

కొత్త రైఫిల్ శిక్షణకు డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్‌లలో కేంద్రాలు నెలకొల్పారు. 1857 జనవరిలో డమ్‌డమ్ ఆయుధాగారంలో పనిచేసే నిమ్నకులానికి చెందిన ఒక కలాసీ దాహమై ఒక సిపాయి చెంబులోని నీరు అడిగాడని, కులం పేరుతో సిపాయి నిరాకరించగా, త్వరలో ఆవు, పంది కొవ్వు పూసిన తూటాలు కొరకవలసిన వారికి కులం ఎక్కడిదని కలాసీ ఎత్తిపొడిచాడని వార్త వ్యాపించింది. ఈ విషయం కొద్ది రోజుల్లోనే బారక్‌పూర్‌లోని సేనాధిపతి మేజర్ జనరల్ హియర్సీకి, ఆయన ద్వారా ప్రభుత్వానికి చేరింది.

ప్రభుత్వం జనవరి నెలాఖరులోనే దిద్దుబాటు చర్యలు చేపట్టింది. సిపాయిలు తమకు సమ్మతమైన పూతను తామే సమకూర్చుకోవచ్చునని ఉత్తర్వులు వెలువడ్డాయి. తూటాను పళ్ళతో కాక చేతితో చించే విధంగా కవాతు నియమాన్ని ఆ తరువాత సవరించారు. మతం మార్చే ఉద్దేశం ప్రభుత్వానికి లేదని హియర్సీ స్వయంగా హిందుస్తానీలో సిపాయిలకు వివరించారు. కాని అప్పటికే అనుమానం బలపడింది. పూత మారుస్తామనడమే పాత పూతలో దోషం ఉన్నదనడానికి నిదర్శనంగా సిపాయిలు భావించారు. కాగితం మెరుపును చూసి అందులోనూ కొవ్వు ఉందని శంకించారు.

బారక్‌పూర్‌లో అలజడి

బారక్‌పూర్‌లో టెలిగ్రాఫ్ కార్యాలయానికి నిప్పంటుకుంది. ఫిబ్రవరి 26న బహరంపూర్‌లోని 19వ పదాతి దళం తూటాలకు సంబంధించిన సామగ్రిని స్వీకరించడానికి నిరాకరించింది. ఆ పటాలాన్ని బారక్‌పూర్‌కు రప్పించి రద్దు చేయాలని ప్రభుత్వం నిశ్చయించి, ఆ సందర్భంలో బందోబస్తుకు రంగూన్ నుంచి తెల్ల సైనికుల పటాలాన్ని తెప్పించింది. తమను నిరాయుధులను చేయడానికే వారు వస్తున్నారన్న భయం బారక్‌పూర్ సిపాయిలను ఆవరించింది.

మార్చి 29 ఆదివారం సాయంత్రం తెల్ల సైనికులు దిగారన్న వార్త వినగానే మంగళ్ పాండే తన మస్కెట్, ఖడ్గం ధరించి పరేడ్ మైదానంలోకి వచ్చి, మతరక్షణకు కదలిరావలసిందిగా తోటి సిపాయిలకు పిలుపునిచ్చారు. సార్జెంట్ మేజర్ హ్యూసన్‌పై కాల్పులు జరిపారు. గుర్రంపై వచ్చిన లెఫ్టినెంట్ బా పైనా కాల్చగా గుర్రం నేలకూలింది. అనంతరం ఖడ్గంతో ఇద్దరినీ గాయపరిచారు. షేక్ పల్టూ అనే సిపాయి మంగళ్ పాండేను వెనుక నుంచి పట్టుకోవడంతో అధికారులిద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆయనను బంధించేందుకు కాపలా దళం జమాదారు ఈశ్వరీ ప్రసాద్ ముందుకు రాలేదు. వందలాది సిపాయిలు చూస్తూ నిలబడ్డారే తప్ప అధికారులకు సహకరించలేదు, మంగళ్ పాండే పక్షాన ఆయుధమూ పట్టలేదు. హియర్సీ తన కుమారులతో సహా వచ్చి కాపలా దళాన్ని ముందుకు నడిపించగా, మంగళ్ పాండే మస్కెట్‌ను తన ఛాతీకి ఆనించి కాలి వేలితో పేల్చుకున్నారు. తీవ్రంగా గాయపడినా ప్రాణం పోలేదు.

గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ రోజు ఆయన చేతిలో ఉన్నది పాత మస్కెట్టే. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ 34వ దళానికి అప్పటికి పంపిణీ కానే లేదు.

విచారణ - ఉరి

ఏప్రిల్ 6న సైనిక న్యాయస్థానం మంగళ్ పాండేను విచారించింది. తాను స్వబుద్ధితోనే ఈ పని చేశానని, భంగు, నల్లమందు సేవించి ఉన్నానని ఆయన తెలిపారు. ఎంత అడిగినా మరొకరి పేరు చెప్పలేదు. న్యాయస్థానం ఉరిశిక్ష విధించింది. ఏప్రిల్ 18న అమలు చేయవలసిన శిక్షను పది రోజులు ముందుకు జరిపి, ఏప్రిల్ 8న బారక్‌పూర్‌లో పటాలాల సమక్షంలో ఉరితీశారు. అదే నెలలో జమాదారు ఈశ్వరీ ప్రసాద్‌ను సైతం ఉరితీశారు. మే 6న బారక్‌పూర్‌లో ఉన్న 34వ దళం కంపెనీలను రద్దు చేశారు.

మీరట్ నుంచి హైదరాబాద్ వరకు

శిక్షలతో అలజడి అణగలేదు. ఏప్రిల్ 24న మీరట్‌లో 3వ అశ్విక దళానికి చెందిన 90 మందిలో 85 మంది తూటాలను ముట్టుకోవడానికి నిరాకరించారు. అవి పాత రకం తూటాలేనని, నోటితో కొరకనవసరం లేదని చెప్పినా వారు నమ్మలేదు. మే 9న వారికి కవాతు మైదానంలో సంకెళ్ళు వేశారు. మరునాడు మీరట్ భగ్గుమన్నది. సిపాయిలు ఢిల్లీ చేరి బహదూర్ షా జఫర్‌ను చక్రవర్తిగా ప్రకటించారు. తిరుగుబాటు చేసిన సిపాయిలందరినీ బ్రిటిష్ సైనికులు పాండే పేరుతోనే వ్యవహరించడం గమనార్హం.

ఈ స్ఫూర్తి దక్కన్‌కూ వ్యాపించింది. 1857 జూలై 17న హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వంలో కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి జరిగింది. తెలుగువారు గణనీయంగా ఉన్న మద్రాసు సైన్యంలో ఇటువంటి అనుభవం అంతకు 50 ఏళ్ళ క్రితమే ఎదురైంది. నుదుటి బొట్టును నిషేధించి, తోలు అలంకరణ గల కొత్త తలపాగాను విధించడంతో 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆ పాఠాన్ని పాలకులు మరచిపోయారు.

తూటా నేర్పిన పాఠం

1858లో కంపెనీ పాలన అంతమై దేశం బ్రిటిష్ రాణి ప్రత్యక్ష పాలనలోకి వెళ్ళింది. తదనంతరం దేశీయ సిపాయిలకు ఎన్‌ఫీల్డ్ గొట్టాన్ని నునుపు చేసిన తుపాకులు ఇచ్చి, మేలైన రైఫిళ్ళను తెల్ల సైనికులకే పరిమితం చేశారు. 1866 నుంచి వెనుక వైపు నింపే స్నైడర్ విధానం రావడంతో తూటాను కొరకవలసిన అవసరమే తొలగిపోయింది. పదేళ్ళు తిరగక ముందే కాలం చెల్లిన ఒక పద్ధతి కోసం ఒక సామ్రాజ్యం తన సైన్యం విశ్వాసాన్ని కోల్పోయింది.

మంగళ్ పాండే చర్య వెనుక ముందస్తు ప్రణాళిక ఉన్నదా, అది వ్యక్తిగత ఆవేశమా అన్న విషయంలో చరిత్రకారుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే వేలాది సిపాయిల మనసులో గూడుకట్టుకున్న ఆవేదనకు ఆయన తొలి రూపమిచ్చారన్నది నిర్వివాదం. భారత ప్రభుత్వం 1984 అక్టోబరు 5న ఆయన స్మారకార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది. బారక్‌పూర్‌లో ఆయన పేరిట ఉద్యానవనం వెలసింది. ప్రజల విశ్వాసాలను ముందుగా తెలుసుకోని నిర్ణయానికి వెనువెంటనే ఇచ్చే వివరణలు రక్షణ కాజాలవని ఆయన జీవితం పాలనా యంత్రాంగానికి నేటికీ గుర్తుచేస్తూనే ఉన్నది.