కనబడని కదలికను కొలిచిన భగవంతం గారు



గత ఆదివారం ముడిమ్యాలలో సత్యోపదేశం తరగతి ముగిశాక ఒక పాప నన్ను ఆపి సందేహం అడిగింది. గాలిలోని కణాలు సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో పరుగెడతాయని బడిలో చెప్పారట. మరి పీఠం దగ్గర వేసిన సాంబ్రాణి వాసన చివరి వరుసలో ఉన్న తనకు అంత ఆలస్యంగా ఎందుకు అందుతుందని ఆమె ప్రశ్న. పక్కనే ఉన్న పెద్దావిడ గుడిలో ఇవేం ప్రశ్నలని కసిరింది. నేను మాత్రం ఆ ప్రశ్నను వెంట తెచ్చుకున్నాను. సెమినరీలో నేను చదివింది తత్వశాస్త్రం. అణువుల గురించి గ్రీకులు ఏమనుకున్నారో చెప్పగలను గాని సాంబ్రాణి సంగతి చెప్పలేను. వెదుకుతూ పోతే మన తెలుగువారే ఒకరు తటస్థపడ్డారు.

సూరి భగవంతం గారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. డిగ్రీ చదివింది మాత్రం మన హైదరాబాదు నిజాం కళాశాలలో. మొయినాబాదు మీదుగా పట్నం పోయి చదువుకునే మన పిల్లలు బషీర్‌బాగ్‌లో చూసే ఆ కళాశాలే. 1928లో పట్టా చేతికి రాగానే కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే రామన్ గారు తమ పేరుతో లోకమెరిగిన ఫలితాన్ని కనుగొని ఉన్నారు.

అదేమిటో కొంచెం ఓపికగా వినండి. ఒకే రంగు వెలుగును ఒక పదార్థం మీదికి పంపితే, చెదిరి వచ్చే వెలుగు చాలావరకు అదే రంగులో ఉంటుంది. బహు స్వల్పభాగం మాత్రం రంగు మారి వస్తుంది. లోపలి కణాలు ఊరకే లేవు గదా, తిరుగుతుంటాయి, ఊగుతుంటాయి. వెలుగు ఆ కదలికకు కొంత శక్తిని ఇస్తుంది, లేదా దాని నుంచి పుచ్చుకుంటుంది. కనుక రంగు ఎంత మారిందో కొలిస్తే కణం ఎలా కదులుతున్నదో తెలిసిపోతుంది. తత్వవేత్తలు రెండు వేల ఏళ్లు ఊహించినదాన్ని ఈ యువకులు పలక మీద పడిన గీతలుగా చూశారు.

భగవంతం గారు వాయువులను, ద్రవాలను, స్ఫటికాలను ఇలాగే పరిశీలించారు. వాయువులో కణాలు దూరదూరంగా ఉండి స్వేచ్ఛగా గిరగిర తిరుగుతాయి, అందుకే గీతలు విడివిడిగా కనబడతాయి. ద్రవంలో కణం తిరునాళ్ల జనంలో చిక్కుకున్న మనిషి వంటిది. జరగగలదు గాని అడుగడుగునా ఒకరు తగులుతారు, అందుకని గీతలు సాధారణంగా అలుక్కుపోతాయి. స్ఫటికంలో కణం తన చోటు విడవదు, ఉన్నచోటే ఊగుతుంది. మంచు, నీరు, ఆవిరి మూడింటిలోనూ కణం ఒక్కటే, కదలిక తీరే వేరు.

1930లో ఆయన వజ్రాన్ని పరిశీలించారు. విశ్వాసంలో వజ్రంలా చలించక నిలవాలని నేనెన్నో ప్రసంగాల్లో చెప్పి ఉంటాను. కాని వజ్రంలోని కణాల ఊగులాట సెకనుకు సుమారు 40 లక్షల కోట్ల సార్లు! ఇకమీదట ఆ పోలిక వాడేముందు ఆలోచించాలి.

1932లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. వెలుగు చెదరడం మీద 1940లో గ్రంథం వెలువరించారు. 1946లో భీమసేనాచార్ గారితో కలిసి, చెవికి వినబడని ధ్వని తరంగాలు పంపి, వజ్రం ఒత్తిడికి ఎంత లొంగుతుందో కొలిచి ప్రకటించారు. 1957లో అమెరికాలో మరింత సూక్ష్మంగా కొలిచినప్పుడు ఆ అంకెలు మారాయి. మొదట కొలిచినవాడికి అది తప్పదు. తరువాత పెద్ద పదవులు వచ్చాయి: 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా ఉపాధ్యక్షులు, ఆపైన బెంగళూరు విజ్ఞాన సంస్థ సంచాలకులు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. 1989లో కన్నుమూశారు.

ఇక సాంబ్రాణి సంగతి. కణం వేగంగానే పరుగెడుతుంది, కాని సెకనుకు వందల కోట్లసార్లు తోటి కణాలను ఢీకొని దారి మళ్లుతుంది. అంత పరుగూ అక్కడక్కడే సరిపోతుంది. వాసనను చివరి వరుసకు మోసుకొచ్చేది ఎక్కువగా గాలి వీచికలే. వచ్చే ఆదివారం పాపకు ఈ మాట చెప్పాలి. కసిరిన పెద్దావిడను కూడా పక్కన కూర్చోబెట్టుకునే చెబుతాను.