ప్రాణదాత యల్లాప్రగడ: ఆయన మిగిల్చిన మందు, మనపై ఉన్న బాధ్యత

ధర్మపురి జిల్లా పల్లెల్లో పొలంగట్ల మీద, పొదల చాటున పనిచేసి వచ్చినవారు ఒక్కొక్కప్పుడు తీవ్రజ్వరంతో మంచం పడుతుంటారు. అది స్క్రబ్ టైఫస్ అని తేలితే వైద్యులిచ్చే ముఖ్యమైన ఔషధం డాక్సీసైక్లిన్. టెట్రాసైక్లిన్లనే మందుల కుటుంబానికి చెందినది అది. ఆ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ ఒక తెలుగువాని సారథ్యంలోని పరిశోధనశాలలో పుట్టింది. ఆ మహనీయుడే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో జన్మించారు. ఆనాడు ఆ ఊరూ, మన ధర్మపురీ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలులో చదివి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. గాంధీజీ పిలుపు విని ఖాదీ ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. దక్కక, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే స్వల్ప వ్యవధిలో ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నారు. అన్న పురుషోత్తాన్ని స్ప్రూ అనే పేగుల వ్యాధి బలిగొన్నది. చేతిలో వైద్యవిద్య ఉన్నా ఇవ్వడానికి మందు లేని ఆ నిస్సహాయత ఆయన జీవితాన్ని పరిశోధన వైపు మళ్ళించింది.

మామగారి సాయంతోనూ, దాతల విరాళంతోనూ 1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్ట పోసుకుంటూ హార్వర్డులో చదివారు. ఆచార్య ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వెలుగులోకి తెచ్చారు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ సమీపంలోని లెడర్లే పరిశోధనశాలలో చేరి, అనతికాలంలోనే దానికి సారథి అయ్యారు.

ఇక ఫలితాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అన్నను పొట్టనబెట్టుకున్న స్ప్రూ వ్యాధికి ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలు నివారణకు నేటికీ ఊరూరా పంచే డి.ఇ.సి. మాత్ర 1947లో వెలువడింది. కాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ కూడా అక్కడి కృషి ఫలమే.

ఆనాటికి పెన్సిలిన్ వచ్చినా, అది లొంగదీయలేని సూక్ష్మక్రిములు అనేకం మిగిలి ఉన్నాయి. పదవీ విరమణ పొందిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌కు సుబ్బారావు తన పరిశోధనశాలలో చోటిచ్చారు. పలుచోట్ల నుండి తెప్పించిన మట్టిని శోధించిన డగ్గర్, 1945లో మిస్సోరీ నేలలోని ఒక బంగారు వన్నె సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ సాధించారు. క్రిములు తమకు కావలసిన మాంసకృత్తులను తయారుచేసుకోకుండా అడ్డుపడి, వాటి పెరుగుదలను ఆపుతుంది ఆ మందు. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు నిద్రలో గుండెపోటుతో కన్నుమూశారు. పాతికేళ్ళ క్రితం విడిచివచ్చిన మాతృదేశాన్నీ, ఎదురుచూస్తున్న ధర్మపత్నినీ ఆయన మళ్ళీ చూడనేలేదు.

ఇంత త్యాగంతో వచ్చిన సంపదకు త్వరలోనే గండి పడింది. టెట్రాసైక్లిన్‌ను లెక్కచేయని రక్తవిరేచనాల క్రిమి 1953లోనే కనిపించింది. తన లోనికి వచ్చిన మందును బయటికి తోసివేసే నేర్పును కొన్ని క్రిములు సంపాదిస్తాయి. పైగా ఆ నేర్పును తోటి క్రిములకు అందిస్తాయి కూడా. ఆరియోమైసిన్ పిప్పి కలిపిన మేతతో కోడిపిల్లలు త్వరగా ఎదుగుతాయని అదే లెడర్లేలో తేలడంతో, రోగం లేకున్నా కోళ్ళకూ పశువులకూ కొద్దికొద్దిగా మందు పెట్టే అలవాటు దేశదేశాలకు పాకింది. చాలీచాలని మోతాదులో మందు తగిలినచోట తట్టుకోగలిగిన క్రిములే మిగిలి వృద్ధిచెందుతాయి. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది మరణించారని అంచనా. కోళ్ళకు, పశువులకు కొలిస్టిన్ అనే మందు వాడరాదని మన కేంద్ర ప్రభుత్వం నిషేధించినదీ ఆ సంవత్సరమే.

మన ఇళ్ళలోనూ ఈ పొరపాటు జరుగుతూనే ఉంది. వైద్యుని చూడకుండా మందుల దుకాణంలో రెండు మాత్రలు అడిగి తెచ్చుకోవడం, జలుబుకు కూడా యాంటీబయాటిక్ మింగడం, జ్వరం తగ్గగానే వైద్యుడు చెప్పిన గడువుకు ముందే మానివేయడం, మిగిలినవి పొరుగువారికి ఇవ్వడం మనకు అలవాటైపోయాయి. వీటిని విడిచిపెడదాం. పాడిపశువుకైనా పశువైద్యుని మాట మీదనే మందు వేద్దాం. మందు లేక అన్నను కోల్పోయిన మనిషి జీవితమంతా ధారపోసి మనకు మందులు మిగిల్చి వెళ్ళారు. రేపు మన బిడ్డకు జ్వరం వచ్చిన నాడు అవి పనిచేసేలా కాపాడుకోవడమే ఆ మహనీయునికి మనమర్పించగల నివాళి.