చెరసాలలోని దేవకమ్మలకు తోడు నిలిచినవారికి

1895 మే నెలలో మన మదనపల్లెలో సంజీవమ్మ అనే ఇల్లాలు ఎనిమిదో కాన్పుకు పూజగదిని ఎంచుకుంది. పురిటి మైలను ఎంతో నిష్ఠగా పాటించే ఆ రోజుల్లో అది చిన్న తెగువ కాదు. ఎనిమిదో బిడ్డ కాబట్టి కృష్ణుడి పేరే పెట్టారు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి. దేవకి ఎనిమిదో కాన్పు మాత్రం చెరసాలలో జరిగింది. అష్టమి నాడు గుమ్మం నుంచి పూజగది దాకా ముగ్గుపిండితో చిన్నారి పాదాలు వేసే మనం, ఆ పాదాలు బయల్దేరింది జైలు నుంచేనని తలచుకోం.

తలచుకున్నవాళ్లు కొందరున్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

2026 ఏప్రిల్ 13కు సుప్రీంకోర్టు తీర్పు ఒకదానికి ఇరవై ఏళ్లు. కేసు పేరులో మన రాష్ట్రమే ఉంది: ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. గర్భిణి ఖైదీకి వీలైనంతవరకు జైలు బయటే పురుడు జరగాలని, బిడ్డ ఆరేళ్ల దాకా తల్లి దగ్గర ఉండవచ్చని ఆ తీర్పు చెప్పింది. పుట్టిన చోటుగా జైలు పేరు రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా రాస్తే చాలు అంది. నామకరణానికి వీలు కల్పించాలనీ అంది. నాకు మరీ ఇష్టమైన మాట ఇదే. బిడ్డ చెవిలో పేరు చెప్పే ఆ ఒక్క క్షణం ఏ తల్లికీ తప్పిపోకూడదని న్యాయమూర్తులకు తోచింది చూడండి!

అదే 2026కు ప్రిజన్ మినిస్ట్రీ ఇండియాకు నలభై అయిదేళ్లు. 1981లో కేరళలో ఫ్రాన్సిస్ కొడియన్, వర్గీస్ కరిప్పేరి సెమినరీలో చదువుకుంటూ మొదలుపెట్టిన ఖైదీల సేవ అది. వాళ్లు ఆదర్శంగా పెట్టుకున్న మాక్సిమిలియన్ కోల్బే 1941లో ఆష్విట్జ్‌లో, భార్యాబిడ్డలను తలచుకుని విలపించిన ఒక ఖైదీకి బదులుగా తాను చావుకు సిద్ధపడ్డ ఫాదర్.

బయట అమ్మ చందమామను చూపించి గోరుముద్దలు పెడుతుంది. జైల్లో పొద్దు గూకే వేళకే బ్యారక్‌కు తాళం పడుతుంది. చందమామ ఏది? బిడ్డ మారాం చేస్తాడు, తల్లి విసుక్కుంటుంది, ఒక్కోసారి చేయి కూడా చేసుకుంటుంది. అక్కడ కావాల్సింది పక్కన కూర్చుని, ఒక కథ అందించి, "కొట్టొద్దమ్మా, ఇది చెబుతూ తినిపించు" అనే మనిషి. ఎవరి దేవుడి కథ వాళ్లకు చెప్పాలి, ఇంకో దేవుణ్ణి అంటగట్టకూడదు. అది ముఖ్యం.

అసలు కష్టం బిడ్డకు ఆరేళ్లు నిండి తల్లిని విడిచి వెళ్లాల్సిన రోజున వస్తుంది. ఆ రోజుకు తల్లిని సిద్ధం చేయడం ఏ రూల్ బుక్కుకూ చేతకాదు. మన కథలకు చేతనవుతుంది. దేవకి తన బిడ్డను వాడు పుట్టిన రాత్రే పంపేసింది. బైబిల్లో మోషే తల్లి, ఖురాన్‌లో మూసా తల్లి ఒకరే, ఆమె బిడ్డను నీళ్లలో వదిలింది. బిడ్డను వదిలినా వీళ్ల అమ్మతనం తరిగిపోలేదు. ఈ మాట చెప్పి, ఏడ్చేదాకా ఏడవనిచ్చి, కన్నీళ్లు తుడిచే సిస్టర్లకు, అక్కలకు, చెల్లెళ్లకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం తరఫున చేతులెత్తి నమస్కారం, నిండు మనసుతో అభినందన.

వీళ్లకు కప్పడానికి తెచ్చిన శాలువాల్లో ఒకటి, బయట ఆ బిడ్డను పెంచే యశోదమ్మకు దాచండి. కూతురు కడప మహిళా కారాగారంలో ఉంటే, కుప్పంలో మనవణ్ణి సాకే అమ్మమ్మ చీకటితోనే లేస్తుంది. వి.కోట, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, రాయచోటి, రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఒడిలో నిద్రపోతున్న పిల్లవాడు, సంచిలో వాడు అమ్మ కోసం గీసిన బొమ్మ. ములాఖత్ వేళ దాటిపోతుందేమోనని ఆమె కండక్టర్‌ను ఊరూరా టైం అడుగుతూనే ఉంటుంది.