గొంతు పోయాకే.. ఈ పాటలు!

పట్టిసీమ రేవులో లాంచీ కోసం చూస్తున్నారనుకోండి. ఎదురుగా ఏటి మధ్యలో కొండ, దాని మీద వీరభద్రుడి గుడి. చేతిలో ఫోను. ఇంటర్వ్యూ ఫలితం ఈసారీ అంతే.. సెలెక్ట్ కాలేదు. గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగల్లేదు. ఇక మనవల్ల కాదులే అనిపిస్తోంది. పక్క టీకొట్టులోంచి ‘గోరింటాకు’ సినిమాలోని గోరింట పాట వినిపిస్తోంది. 1979లో ఆ సినిమా వచ్చేనాటికి, ఆ పాట రాసినాయన మాట పడిపోయి దాదాపు పదిహేనేళ్లు!

ఆయనే దేవులపల్లి కృష్ణశాస్త్రి. మన గోదావరి జిల్లాల మనిషే. 1897లో పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు. 1925లో ‘కృష్ణపక్షం’తో కవిగా పేరొచ్చింది. కాకినాడ కాలేజీలో పాఠాలు చెప్పారు. సభల్లో మంచి వక్త. ఆకాశవాణికి నాటికలు, గేయాలు రాశారు. 1951లో ‘మల్లీశ్వరి’ పాటలతో ఇంటింటికీ చేరారు.

అరవై దాటాక గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది, మాట పోయింది. మాటే బతుకైన మనిషికి అదెంత దెబ్బో ఊహించండి. ఆయన మాత్రం కాగితం, కలం దగ్గర పెట్టుకున్నారు. చెప్పాలనుకున్నదంతా రాసి చూపించేవారు. ‘ఉండమ్మా బొట్టు పెడతా’, ‘సుఖదుఃఖాలు’, ‘బంగారు పంజరం’ పాటలన్నీ ఆ తర్వాత రాసినవే. 1976లో పద్మభూషణ్, 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాయి. 1980లో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత వచ్చిన ‘మేఘసందేశం’లోనూ ఆయన పాటలున్నాయి.

ఇప్పుడైతే ఇలాంటివారికి కాగితం ఒక్కటే దిక్కు కాదు. స్వరపేటిక తీసేస్తే ఊపిరి మెడ దగ్గర పెట్టిన రంధ్రం గుండా ఆడుతుంది. నాలుక, పెదవులు బాగానే ఉంటాయి, లేనిది శబ్దమే. ఎలక్ట్రోలారింక్స్ అనే బ్యాటరీ పరికరాన్ని మెడకు ఆనిస్తే ఆ కంపనాన్ని నోటితో మాటలుగా మలుచుకోవచ్చు. శ్వాసనాళానికి, అన్నవాహికకు మధ్య చిన్న వాల్వు అమర్చే పద్ధతీ ఉంది. విదేశీ వాల్వులు వేలల్లో ఉంటే, బెంగళూరు క్యాన్సర్ వైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయలకే ‘ఓం’ వాల్వు తయారుచేశారు.

పరికరం ఇస్తే సరిపోదు, దాంతో మాట్లాడటం నేర్పేవాళ్లు కావాలి. ఇందుకోసం నాలుగేళ్ల బీఏఎస్ఎల్‌పీ కోర్సు ఉంది. ఇంటర్‌లో సైన్స్ చదివి ఉండాలి. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఇందులో పేరున్న సంస్థ. ప్రాక్టీసుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీది ఇంజినీరింగ్ అయితే ఇలాంటి పరికరాల డిజైన్ వైపు వెళ్లొచ్చు. మీ తమ్ముడో చెల్లో ఇంటర్లో ఉంటే ఈ కోర్సు గురించి చెప్పండి.

సరే, లాంచీ వచ్చేస్తోంది. ఎక్కేముందు, తర్వాతి అప్లికేషన్‌కి చివరి తేదీ ఎప్పుడో ఒకసారి చూసుకోండి.